బంగళా ముందు టోపీ

సాన్ మార్సెల్ దీవి ఎక్కడుందని అడిగితే వేలు పెట్టి చూపించడం కష్టం. అదెంత చిన్నదంటే, పేరు రాయడానికి నేల చాలక పటాలు గీసేవాళ్ళు ఆ పేరును సముద్రంలో రాస్తారు. మొదట ఫ్రెంచి దొరలు వచ్చి, ఎవరూ లేని ఆ దీవిలో చెరుకు నాటారు. తర్వాత ఇంగ్లీషు దొరలు వచ్చి, దీవిని లాక్కుని, అదే చెరుకు నాటారు. చెరుకు దానంతటది నరుక్కోదు కదా! ముందు ఆఫ్రికా నుంచి మనుషుల్ని కట్టి తెచ్చారు. కట్టి తేవడం తప్పని చట్టం వచ్చాక, కట్టకుండా వేలిముద్రలు వేయించుకుని మనవాళ్ళను భీమిలి, కళింగపట్నం రేవుల్లో ఓడెక్కించి తెచ్చారు. చాలా కాలానికి జెండా మారింది, దొరలు వెళ్ళిపోయారు. పోతూ పోతూ కోర్టుల్లో విగ్గులూ, అంగళ్ళలో పొడుగు రొట్టెలూ, తోటల్లో మనవాళ్ళనూ అక్కడే వదిలేశారు. మనవాళ్ళ నోట్లో ఆ దీవి పేరు సమర్సాల. వాళ్ళు ఇప్పటికీ ముత్తాతల నాటి సిక్కోలు మాటే మాట్లాడతారు, ఎదురుపడితే మాత్రం బోంజూర్ అంటారు.

ఆ సమర్సాలలో అప్పలసూరి అని ఒక బస్సు డ్రైవరు. అరవైకి దగ్గర పడ్డవాడు, భార్య చిట్టెమ్మ పోయి చాన్నాళ్ళయింది. రేవు నుంచి పాత తోట దాకా అతని బస్సు. తోట దగ్గర చివరి స్టాపులో నూకరత్నం రొట్టెల కొట్టు. ఆమె కూడా ఒంటరిదే. పొడుగు రొట్టెను మధ్యకు చీల్చి, లోపల ముద్దపప్పు పూసి, పైన చింతపండు, ఎండుమిరపకాయల పచ్చడి రాసి ఇస్తుంది. తిన్నవాడికి కళ్ళనీళ్ళు వస్తాయి, మళ్ళీ మర్నాడు వస్తాడు. అప్పలసూరి రోజూ వెళ్ళేవాడు. ఒకనాడు పచ్చడి మామూలు కంటే ఎక్కువ పడింది.

"ఏటిది, ఇంత రాసేసినావు?" అన్నాడు.

"నీకు కాక ఎవులికి రాస్తాను?" అంది నూకరత్నం, పెనం వైపు తిరిగి.

ఈ వయసులో అంతకంటే వివరంగా ఎవరు మాట్లాడుకుంటారు! పెళ్ళికి రోజు చూసుకున్నారు. అప్పలసూరి ఇంటికి వెళ్ళి ట్రంకు పెట్టె తెరిచి, టోపీ బయటకు తీసి దుమ్ము దులిపాడు.

ఈ టోపీ సంగతి చెప్పకపోతే కథ నడవదు. దొరల రోజుల్లో ఆ తోటలో ఒక కట్టడి ఉండేది. ఐదేళ్ళ ఒప్పందంలో ఉన్న కూలీ ఎవడైనా పెద్ద బంగళా ముందు నుంచి పోతే, తల మీద గుడ్డ తీసి చంకన పెట్టుకోవాలి, కాళ్ళకి ఏమీ ఉండకూడదు. అప్పలసూరి ముత్తాత పేరు కూడా అప్పలసూరే. ఆయన ఐదేళ్ళూ చెరుకు కొట్టి, ఒప్పందం పూర్తి చేసుకుని, చేతికొచ్చిన మొదటి డబ్బుతో రేవులో ఒక నల్ల టోపీ, కీచుకీచుమనే బూట్లు కొన్నాడు. పెళ్ళినాడు అవి వేసుకుని బంగళా ముందు నుంచి నడిచాడు. దొర వరండాలో కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. ముత్తాత టోపీ తీయలేదు. దొర ఏం చేయగలడు? ఒప్పందం అయిపోయింది. ఆ రోజు నుంచీ సమర్సాల తెలుగువాళ్ళలో పెళ్ళికొడుకు టోపీ పెట్టుకుని, బూట్లు వేసుకుని బంగళా ముందు నడవనిదే పెళ్ళి పెళ్ళి కాదు. తాళి కట్టినా, తలంబ్రాలు పోసినా, "బంగళా నడక అయ్యిందేటి?" అని అడుగుతారు ముసలమ్మలు. అలా అడగకపోతే వాళ్ళకి అన్నం సయించదు.

దొరలు పోయాక ఆ బంగళా చాలాకాలం ఖాళీగా పడి ఉంది. గబ్బిలాలు కాపురం పెట్టాయి. ఈ మధ్యనే ప్రభుత్వం గబ్బిలాలను ఖాళీ చేయించి, అందులో ఒక కమిషన్‌ని పెట్టింది. దాని పూర్తి పేరు వలస అవశేష నిర్మూలన, జాతీయ అస్తిత్వ పునరుద్ధరణ కమిషన్. బోర్డు బంగళా కంటే పొడుగు. మనవాళ్ళు కడుగుడాఫీసు అంటారు, ఎందుకంటే దొరల మురికిని దేశం ఒంటి మీద నుంచి కడిగేయడం దాని పని. అధ్యక్షులు డాక్టర్ గుస్తావ్ అరుణాసెలంగారు. దొరల పోకడలు ఎలా వదిలించుకోవాలో నేర్చుకోవడానికి ఆయన దొరల దేశాల్లోనే పదకొండేళ్ళు చదువుకుని వచ్చారు.

ఒకనాడు అధ్యక్షులవారు వరండాలో, దొరగారి పాత కుర్చీలోనే కూర్చుని టీ తాగుతున్నారు. ఎదురుగా ఎవరిదో పెళ్ళి ఊరేగింపు వెళుతోంది. ముందు పెళ్ళికొడుకు, నెత్తిన నల్ల టోపీ. అధ్యక్షులవారి చేతిలో కప్పు ఆగిపోయింది.

"అదేమిటి?"

పక్కనే తెలుగు విభాగం డైరెక్టరు లియోనార్ నర్సిమ్లుగారు నిలబడి ఉన్నారు. ఈయన తెలుగును అమ్మ దగ్గర కాక సర్టిఫికెట్ కోర్సులో నేర్చుకున్నారు. అందుచేత ఆయన నోరు తెరిస్తే ప్రకటనలు వస్తాయి తప్ప మాటలు రావు. "తెలుగువారి వివాహ మహోత్సవము, మహోదయా," అన్నారు.

"తెలుగు తల మీద ఐరోపా టోపీ! స్వాతంత్ర్యం వచ్చి ఇన్నేళ్ళయినా ఈ బానిస మనస్తత్వం! మన కార్యాలయం ముందే!" అని అధ్యక్షులవారు టీ పక్కన పెట్టేశారు.

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. "ఇందుమూలముగా యావత్తు తెలుగు ప్రజానీకమునకు తెలియజేయడమేమనగా, వివాహాది శుభకార్యములందు వలస పాలకుల శిరస్త్రాణములనూ పాదరక్షలనూ ధరించుట అస్తిత్వ ద్రోహముగా పరిగణింపబడును. సాంస్కృతిక అనుమతి పత్రము లేని వివాహములు నమోదు కావు." దీన్ని ముందు ఇంగ్లీషులో రాసి, ఫ్రెంచిలోకి మార్చి, చివరికి తెలుగులోకి తెచ్చారు. ఆ దీవిలో ఉత్తర్వు అలా చేస్తేనే చెల్లుతుందని దొరల నాటి చట్టం.

టోపీ వద్దంటే సరిపోదు కదా, మరి నెత్తిన ఏం పెట్టుకోవాలి? అసలు సిసలు తెలుగువాడు ఎలా ఉండేవాడు? నిపుణుల సంఘం కూర్చుంది. బంగళా అటక మీద ఒక ఫోటో దొరికింది. పాత దొర ఎక్కడో ఎగ్జిబిషన్‌లో పెట్టడానికని తన కూలీలను వరసగా నిలబెట్టి తీయించుకున్న ఫోటో. మధ్యలో దొర, నెత్తిన తెల్ల టోపీ, చేతిలో బెత్తం. అటూ ఇటూ కూలీలు. గోచీలు, తలగుడ్డలు, ఉత్త కాళ్ళు, చేతుల్లో చెరుకు కత్తులు. నిపుణుల ఆనందానికి పట్టపగ్గాలు లేవు. కళ్ళెదుట ఆధారం ఉండగా మనిషిని అడగడమెందుకు?

భూతద్దం పెట్టి ఆ ఫోటోను వారం రోజులు చూశారు. అందులో ఎవరూ నవ్వడం లేదు. కాబట్టి గాంభీర్యం తెలుగువారి సహజ లక్షణమని తేల్చి, పెళ్ళి ఫోటోల్లో నవ్వడం నిషేధించారు. మూడో కూలీ మొహం మసకగా చెదిరిపోయి ఉంది. దోమ కుట్టిందో, తుమ్మొచ్చిందో, పాపం కదిలాడు. "ఇది కాలగర్భమున కలిసిపోయిన ఒక తెలుగు నృత్యరీతిలోని భంగిమ" అని నిపుణులు రాశారు. దానికి శిరఃకంపనం అని పేరు పెట్టి బళ్ళలో నేర్పడం మొదలుపెట్టారు. అస్తిత్వ దినోత్సవం నాడు తెలుగు పిల్లలంతా వరసగా నిలబడి, ఎక్కడా నవ్వకుండా, తల ఒక్కసారి విదిలించి దిగిపోయారు. విదేశీ అతిథులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఇదంతా అప్పలసూరి బస్సు కిటికీలోంచి చూసి నవ్వుకున్నాడు. తన పెళ్ళి కాయితం కోసం బంగళా మెట్లెక్కిననాడు నవ్వు ఆగిపోయింది.

నర్సిమ్లుగారు కుర్చీ చూపించి, "ఆసీనులు కండి. వివాహ సమయమున మీ వేషధారణ వివరములు?" అన్నారు.

"నల్ల కోటు, బూట్లు, మా ముత్తాత టోపీ బావూ."

నర్సిమ్లుగారు జాలిగా చూశారు. "మీ సంస్కృతి మీకు తెలియకపోవుటలో మీ దోషము లేదు. వలస పాలన మీచేత మరపించినది. మేము గుర్తు చేసెదము." ఫోటో ముందుకు జరిపారు. "ఇదిగో, మీరు ఈ విధముగా ఉండవలెను."

అప్పలసూరి ఫోటో చేతిలోకి తీసుకున్నాడు. ఈ వరసలో ముత్తాత ఉన్నాడేమోనని ఒక్కో మొహమూ వెతికాడు. ఏదీ ఆయనది అనిపించలేదు, అన్నీ ఆయనవే అనిపించాయి. 

"బావూ, ఈళ్ళు ఇలగ ఉండీవోళ్ళు కాదు. దొర ఇలగ ఉంచినాడు. ఆడు టోపీ ఎట్టుకోనివ్వనేదు గనకే మావోళ్ళు ఎట్టుకున్నారు. అదే కద మా గొప్ప?"

"మీరు చెప్పునది మౌఖికము. ఇది ఛాయాచిత్రము," అన్నారు నర్సిమ్లుగారు. "ఉత్త పాదములతో, తలగుడ్డతో మీరు బంగళా ముందు నడవవచ్చును. అనుమతి నేడే ఇచ్చెదము. ముద్ర కూడ సిద్ధముగా ఉన్నది."

"బంగళా ముందుకొచ్చీసరికి తలగుడ్డ తీసి సంకన ఎట్టుకోవాలేటి?"

అతను ఎగతాళికి అన్నాడు. నర్సిమ్లుగారి కళ్ళు మెరిశాయి. "అట్టి ఆచారము ఉండెడిదా? అద్భుతము!" అని రాసుకున్నారు. అప్పలసూరికి తన నోరు తనే కొట్టుకోవాలనిపించింది.

సాయంత్రం చివరి స్టాపులో బస్సు ఆపి కొట్టు దగ్గరికి వెళితే, నూకరత్నం చేతులు నడుముకు పెట్టుకుని నిలబడి ఉంది. ఆమెకూ నోటీసు వచ్చింది. తెలుగువారు దొరల నాటి రేషన్ ప్రకారం బియ్యం, పప్పు, ఉప్పు తినవలెనే గాని, ఫ్రెంచి రొట్టె తినరాదు. రొట్టె అమ్మేముందు కొనేవాడి జాతి అడిగి తెలుసుకోవలెను.

"మరైతే పప్పు, పచ్చడి మనవే కద, అయి ఏటి సెయ్యాలని నోటీసు తెచ్చినోణ్ణి అడిగినాను. రొట్టె తీసీసి, పప్పు సేతిలో ఎట్టమన్నాడు. ఆడి సేతులు కాల! రొట్టె పిండి పిసికింది నాను, కాల్సింది నాను. ఆ ఫ్రెంచోడేటి సేసినాడట?" అంది.

అప్పలసూరి తన గోడు చెప్పుకున్నాడు. రోలు వెళ్ళి మద్దెలతో మొర పెట్టుకున్నట్టే అయింది.

"అయితే తలగుడ్డతోనే నడుద్దూ," అంది నూకరత్నం అంతా విని. "ఒక్క రోజే కద. కాయితం వొచ్చీస్తాది."

"టోపీ నేకుండానా?"

"నీకు టోపీ కావాలేటి, నాను కావాలేటి?"

"నువ్వే కావాల," అన్నాడు అప్పలసూరి. "గానీ ఆయన ఐదేళ్ళు ఎండలో సచ్చి ఆ టోపీ ఎట్టుకున్నాడే. నాను ఇప్పుడు ఉత్తి కాళ్ళతో ఆ బంగళా ముందు పోతే, ఆ ఐదేళ్ళూ బూడిదలో పోసినట్టే. అదే కుర్చీలో ఇంకోడు కూకుని సూస్తాడు. నా వొల్ల కాదు."

అతని కళ్ళు చెమ్మగిల్లాయి. పచ్చడి వల్ల కాదు, ఆ రోజు రొట్టె తిననే లేదు. నూకరత్నానికి కోపం వచ్చింది, జాలీ వచ్చింది. రెండూ ఒక్కసారే వచ్చేసరికి ఏమనాలో తెలియక, అమ్మకూడని రొట్టె ఒకటి చీల్చి చేతిలో పెట్టింది.

పెళ్ళి వాయిదా పడింది. కమిషన్ మాత్రం ఊరుకోలేదు. బట్టలు మారిస్తే చాలదు, అస్తిత్వం అనుభవంలోంచి రావాలని అధ్యక్షులవారు పత్రికల్లో రాశారు. పాత తోటలో జీవవారసత్వ గ్రామం కట్టారు. గడ్డి గుడిసెలు వేశారు. తెల్లారకముందే మోగే పాత గంటను వెతికి తెచ్చి వేలాడదీశారు. తెలుగువారు స్వచ్ఛందంగా వచ్చి, గోచీలు కట్టి, చెరుకు కొట్టి, తమ మూలాలను తామే కనుక్కోవలెనని పిలుపునిచ్చారు. ఎవరూ రాలేదు. అందుకని స్వచ్ఛందాన్ని తప్పనిసరి చేశారు. ఉద్యోగానికో, ఇంటి ప్లానుకో సాంస్కృతిక అనుమతి కావాలంటే గ్రామంలో పని చేయాల్సిందేనన్నారు. చెప్పాపెట్టకుండా పని మానితే కూలి కోత, అదీ పాత లెక్క ప్రకారమే, ఒక రోజుకి రెండు రోజులు.

అన్నీ అమిరాయి గాని ఒక్క లోటు కనబడింది. ఫోటోలో మధ్యన దొర ఉన్నాడు. దొర లేకపోతే ప్రామాణికత దెబ్బతింటుంది. దొర ఉద్యోగానికి ప్రకటన వేశారు. ఆ జీతానికి విదేశాల నుంచి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి అధ్యక్షులవారే, జాతి కోసం ఆ బరువు తన భుజాన వేసుకున్నారు. తెల్ల కోటు కుట్టించుకున్నారు, బెత్తం పట్టుకున్నారు, నెత్తిన తెల్ల టోపీ పెట్టుకుని వరండాలో కూర్చున్నారు. టోపీ నిషేధం ఆయనకి వర్తించదా అని ఒక విలేకరి అడిగాడు. "నాకూ టోపీ పెట్టుకోవడం బాధగానే ఉంది. ఆధారానికి కట్టుబడవలసి వచ్చింది," అన్నారు అధ్యక్షులవారు. సాయంత్రం పూట ఇంటికి కూడా అదే టోపీతో వెళుతున్నారని డ్రైవర్లు చెప్పుకునేవారు.

అప్పలసూరికి ఇక దారి లేకపోయింది. వయసు ఆగదు, నూకరత్నం ఎన్నాళ్ళని ఆగుతుంది? ఇద్దరూ కలిసి మళ్ళీ బంగళా మెట్లెక్కారు.

"బావూ, టోపీ ఎట్టుకుని నడిసే దారి ఏదైనా ఉన్నాదేటి? ఒక్కటంటే ఒక్కటి," అని అడిగాడు అప్పలసూరి.

నర్సిమ్లుగారు నియమావళి తిరగేశారు. మొహం వికసించింది. "ఉన్నది! మీరు వారసత్వ గ్రామమున ఐదు సంవత్సరముల ఒప్పందమునకు వేలిముద్ర వేయవలెను. ఒప్పందము పూర్తియైన పిమ్మట, పూర్వ ఆచారము ననుసరించి, టోపీయు పాదరక్షలును ధరించు హక్కు మీకు సంక్రమించును. అప్పుడది వలస అవశేషము కాదు, వారసత్వము."

అప్పలసూరి ఆయన మొహంలోకి చూశాడు. ఎగతాళి చేస్తున్నాడేమోనని వెతికాడు. ఎగతాళి ఏమీ లేదు, మనిషి నిజంగానే సాయం చేస్తున్నాడు.

"ఆ ఐదేళ్ళూ మా ముత్తాత సేసీసినాడు కద బావూ?"

నర్సిమ్లుగారు ఒక్క క్షణం ఆలోచించారు. "అది వారి ఒప్పందము. ఒప్పందము వంశపారంపర్యము కాదు."

అప్పలసూరి మెల్లగా కుడిచేతి బొటనవేలు వైపు చూసుకున్నాడు. సిరా డబ్బా నర్సిమ్లుగారి బల్ల మీద తెరిచే ఉంది. వేలు డబ్బా దాకా వెళ్ళింది. నూకరత్నం ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"ఉండవయ్యా!" అంది. నర్సిమ్లుగారి వైపు తిరిగింది. "ఈయన సంగతి సెప్పినావు. మరి పెళ్ళికూతుర్ని నాను. నాను ఏటి కట్టుకోవాలో అది సెప్పు ముందు."

"తప్పక," అని నర్సిమ్లుగారు ఫోటో తీశారు. చూశారు. భూతద్దం తీశారు, మళ్ళీ చూశారు. ఫోటో తిప్పి వెనకవైపు కూడా చూశారు. నుదుటి మీద చెమట పట్టింది.

"ఇందున స్త్రీలు లేరు."

"నేరా, అగుపడనేదా?"

"ప్రామాణిక ఆధారము ననుసరించి, ఆ కాలమున ఈ దీవియందు తెలుగు స్త్రీలు ఉన్నట్లు కమిషన్ నిర్ధారించలేదు."

"మరి ఈయన, నువ్వు, నాను, మనవందరం ఎక్కణ్ణుంచి వొచ్చినాం?"

"అది పరిశోధనలో ఉన్నది."

నూకరత్నం మొహం ఎర్రబడింది. "ఏటి, నేరా? మా ముత్తవ్వ ఈ బంగళా ఎనకాలే సెరుకు కొట్టింది. సంటిపిల్లని గట్టు మీద పడుకోబెట్టి కొట్టింది. ఐదేళ్ళు కాదు, ఐదూ ఐదూ పదేళ్ళు. దానికి టోపీ ఎవుడిచ్చినాడు? దొర ఇవ్వనేదు." అప్పలసూరి వైపు చూసింది. "మనోళ్ళూ ఇవ్వనేదు."

అప్పలసూరి తల దించుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఒక్కసారైనా అతనికి తోచలేదు.

"అయితే బావూ," అంది నూకరత్నం, గొంతు తగ్గించి, మర్యాదగా. "ఆడోళ్ళు టోపీ ఎట్టుకోకూడదని ఎక్కడైనా రాసుందా?"

నర్సిమ్లుగారు నియమావళి మొదటి నుంచి చివర దాకా తిరగేశారు. "లేనివారిపై నిషేధము విధించుటకు కమిషన్‌కు అధికారము లేదు," అన్నారు నిస్సహాయంగా.

"ఆ ముక్క కాయితం మీద రాసియ్యి. ఈయనకి తలగుడ్డతో నడవడానికి కాయితం కూడా ఇచ్చీ. రెండింటికీ ముద్దరెయ్యి."

ఆయన రాశారు. నియమం నియమమే కదా.

బయటికి వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాక అప్పలసూరి అన్నాడు, "మా ముత్తాత టోపీ నువ్వు ఎట్టుకుంతావా?"

"ఎట్టుకుంతాను."

"జనం నవ్వుతారే."

"నవ్వరు. మనవోళ్ళు నవ్వరని ఆఫీసోళ్ళే తేల్చినారు కద!"

అప్పలసూరికి నవ్వొచ్చింది. అయినా రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. ఆ టోపీ కోసం అంత పోట్లాడింది తను, తీరా అది వేరే నెత్తి మీదకి పోతోంది. తనకి దక్కనిది నూకరత్నానికి దక్కితే ఏడవాలా, సంతోషించాలా? మూడోరోజు పొద్దున్నే టోపీకి బ్రష్ కొట్టి, బూట్లకి పాలిష్ పెట్టి, వేళ్ళ దగ్గర వదులు లేకుండా గుడ్డపేలికలు కుక్కి తీసుకెళ్ళి ఆమెకిచ్చాడు.

పెళ్ళినాడు ఎండ మండిపోతోంది. బంగళా ముందు జనం పోగయ్యారు. ముసలమ్మలు ముక్కు మీద వేలేసుకున్నారు. ఒకావిడ మాత్రం, "ఓలమ్మో, దీనికి బాగున్నాదే!" అని పైకే అనేసింది. పట్టుచీర కట్టుకుని, కొప్పు మీద నల్ల టోపీ పెట్టుకుని, బూట్లు కీచుకీచుమనిపిస్తూ నూకరత్నం ముందు నడుస్తోంది. వెనకాల అప్పలసూరి, తలగుడ్డతో, ఉత్త కాళ్ళతో, సరిగ్గా ఫోటోలో ఉన్నట్టు.

వరండాలో అధ్యక్షులవారు తెల్ల టోపీ సవరించుకుని లేచి నిలబడ్డారు. బెత్తం చాపారు. "నర్సిమ్లూ! ఆ స్త్రీ నెత్తి మీద ఏమిటది? ఆపండి!"

"వీలు పడదు మహోదయా," అన్నారు నర్సిమ్లుగారు చెవి దగ్గర.

"ఎందుకు పడదు?"

"ఆమె లేదు."

అధ్యక్షులవారు లేని మనిషి వైపు చూస్తూ నిలబడిపోయారు. ఆ లేని మనిషి తాపీగా వరండా ముందుకు వచ్చింది. ఆయన కళ్ళలోకి చూసింది. టోపీ తీయలేదు. ఏం చేయగలరు? బెత్తం దించి కుర్చీలో కూర్చున్నారు.

అప్పలసూరి ఇదంతా సగమే చూశాడు. మిగతా సగం అతని ధ్యాస కాళ్ళ మీద ఉంది. ఆ దీవిలో నేల అంతా నల్లరాయి, అగ్నిపర్వతం కక్కిన రాయి. మధ్యాహ్నం వేళ నిప్పుల మీద నడిచినట్టే ఉంటుంది. మడమ ఆనితే వేళ్ళు కాలుతున్నాయి, వేళ్ళు ఆనితే మడమ కాలుతోంది. ఇంతకు ముందు ఒకసారి ఇదే దారిన నడిచాడు, వయసులో ఉన్నప్పుడు, ఇవే బూట్లతో. ఆ రోజు తన వెనకాల చిట్టెమ్మ నడిచింది. పెళ్ళికూతురు ఉత్త కాళ్ళతో వెనకాల నడవడం వాళ్ళ ఆచారం. ఆ రోజు బంగళా దాటేదాకా టోపీ జారకుండా చూసుకోవడమే తప్ప, అతను ఒక్కసారి వెనక్కి తిరిగి చూడలేదు. చిట్టెమ్మ ఏమీ అనలేదు. తర్వాత ఇన్నేళ్ళ కాపురంలోనూ ఆ మాట ఎత్తలేదు. తల్లీ ఎత్తలేదు, అవ్వా ఎత్తలేదు. వాళ్ళందరి మీదా ఒక్కసారి జాలి ముంచుకొచ్చి, నడిరోడ్డు మీద, అంతమంది ముందు, అతనికి ఏడుపొచ్చింది.

"నూకరత్నం," అన్నాడు కళ్ళు తుడుచుకుని. "ఎనకాల నడిసేవోళ్ళకి కాళ్ళు ఇంతగా కాల్తాయేటే?"

ఆమె వెనక్కి తిరగలేదు.

"కాల్తాయి. నడు," అంది.